తప్పొప్పుల పట్టిక ఇల్లు చేరేదెట్లా?

పిల్లలూ, ఈ నెల మా బల్లమీదికి వచ్చిన ఉత్తరాలలో ఒకటి కర్నూలు జిల్లా హొళగుంద నుంచి వచ్చింది. రాసింది ఏడో తరగతి చదివే ఒక పాఠకురాలు. ఆమె ఇట్లా అడుగుతున్నది:

"మా అమ్మ ఫోనులో వారం రోజులుగా 'సిస్టమ్ అప్‌డేట్ సిద్ధంగా ఉంది' అని కనిపిస్తున్నది. నేను నొక్కబోతే నాయన వద్దంటాడు. పక్కింటివాళ్ల ఫోను అట్లా నొక్కిన మర్నాడే చెడిపోయిందట. చెడితే ఆదోనికి తీసుకుపోవాలి. ఆ రోజు కూలి పోతుంది, బాగుచేసినందుకు డబ్బు వేరే. అసలు ఎవరో ఎక్కడో కూర్చుని మా ఇంట్లో ఉన్న ఫోనును ఎట్లా మారుస్తారు? నాయన మాట నిజమేనా?"

ఆ తండ్రిగారి భయాన్ని మేము తేలికగా తీసుకోము. ఇంట్లో ఉన్నది ఒకటే ఫోను. బ్యాంకు అందులోనే, పత్తి ధర అందులోనే, సుగ్గికని గుంటూరు వైపు పోయినవాళ్ల కబురూ అందులోనే. అటువంటి వస్తువు మీద ముక్కూమొహం తెలియనివాడు చెయ్యి వేస్తానంటే ఎవరికి మాత్రం గుబులు ఉండదు? కనుక ఆ చెయ్యి ఎట్లా పడుతుందో, పడేముందు ఏమేమి జాగ్రత్తలు తీసుకుంటారో ఈ నెల చెప్పుకుందాం.

మీ తాతగారి పెట్టెలో పాత పుస్తకాలుంటే ఒకటి తీసి చివరి పేజీ చూడండి. 'తప్పొప్పుల పట్టిక' అని ఉంటుంది. 14వ పేజీ 6వ పంక్తిలో ఫలానా మాట తప్పు, ఫలానా మాట ఒప్పు. పుస్తకం అచ్చయిపోయిన తరువాత కనబడిన తప్పులవి. పూర్వం శ్రద్ధగల పాఠకులు ఆ పట్టిక దగ్గర పెట్టుకొని, కలంతో దిద్దుకొని, ఆ తరువాతే పుస్తకం మొదలు పెట్టేవారు.

ఫోనును నడిపించేది కూడా ఒక పెద్ద గ్రంథమే. దాని పేరు ఆపరేటింగ్ సిస్టమ్. అది చేసే పని ఏమిటో తెలుసునా? పెళ్లింట్లో ఉగ్రాణం తాళపుచెవి చేతబట్టుకొని ఒక పెద్దమనిషి తిరుగుతూ ఉంటాడు చూడండి! వంటవాళ్లకు నూనె ఎంత ఇవ్వాలి, నీళ్ల బిందెలు ఎటు పోవాలి, ముందు ఏ బంతి కూర్చోవాలి, పిలవనివాడు లోపలికి వస్తే ఎవరు ఆపాలి అన్నీ ఆయనే చూస్తాడు. ఆయన స్వయంగా వంట చెయ్యడు, పాట పాడడు. కాని ఆయన లేకపోతే పెళ్లి నడవదు. మీ ఫోనులో పాట పాడేది ఒక ప్రోగ్రాము, బొమ్మ తీసేది ఇంకొకటి. వాటికి చోటు, కాలం, బ్యాటరీ పంచిపెట్టే పెద్దమనిషి ఆపరేటింగ్ సిస్టమ్.

ఈ గ్రంథం చిన్నది కాదు. లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌కు మూలమైన భాగంలోనే ఇవాళ 3 కోట్లకు మించిన పంక్తులున్నవి. వాటిని రాసినవారు మనుషులే కనుక తప్పులు ఉండకుండా ఉండవు. కొన్ని తప్పులవల్ల యంత్రం ఆగిపోతుంది. కొన్నిటివల్ల దొంగకు కిటికీ తెరిచి పెట్టినట్టవుతుంది. అటువంటివి బయటపడినప్పుడల్లా ఒక తప్పొప్పుల పట్టిక పంపుతారు. అదే అప్‌డేట్. అచ్చు పుస్తకంతో ఒక్కటే తేడా. ఇక్కడ దిద్దేది పాఠకుడు కాదు. పట్టిక తనంతట తానే వచ్చి, తనంతట తానే దిద్దుకోవాలి.

మన తెలుగు అక్షరంవల్లనే ఒకసారి ఇటువంటి పట్టిక అవసరమయింది. 2018 ఫిబ్రవరిలో ఆపిల్ కంపెనీవారి ఐఫోన్లకు ఒక వింత రోగం వచ్చింది. విజ్ఞానంలో, జ్ఞాపకంలో వచ్చే మన 'జ్ఞా' ఉన్నదే, దాని లోపల కంటికి కనబడని ఒక విడదీసే గుర్తు చేరితే, ఆ అక్షరాన్ని ఎట్లా గియ్యాలో ఫోనుకు తోచేది కాదు. తోచక, ఆ సందేశాన్ని చూపే ప్రోగ్రాము కాస్తా మూతపడేది. ఒక్కొక్కసారి ఫోను మొహమే మళ్లీ మళ్లీ ఆరిపోయి వెలిగేది. ఆకతాయిలు కొందరు దీన్ని పట్టుకొని కనబడినవారికల్లా ఆ అక్షరం పంపించారు. తెలుగు ఒక్క ముక్క రాని దేశాలవాళ్లు కూడా మన అక్షరానికి జడుసుకున్నారు! ఫిబ్రవరి 19న ఆపిల్‌వారు 11.2.6 అనే దిద్దుబాటు పంపారు. దాన్ని పెట్టుకున్న ఫోన్లు కుదుటపడినవి. పెట్టుకోని ఫోన్లకు మాత్రం ఆ అక్షరం గండం అట్లాగే ఉండిపోయింది. తప్పు దిద్దటం ఒక పని, ఆ దిద్దుబాటు ప్రతి ఇంటికీ చేరటం మరొక పని. రెండోది తేలిక అనుకునేరు, చాలా కష్టం.

ఐఫోనులో ఉండేది ఆపిల్‌వారి సొంత ఆపరేటింగ్ సిస్టమ్. మన ఊళ్లలో ఎక్కువమంది దగ్గర ఉండే ఆండ్రాయిడ్ ఫోన్లకు అడుగున ఉన్నది లినక్స్. 1991 ఆగస్టు 25న ఫిన్లండు దేశంలో లినస్ టోర్వాల్డ్స్ అనే 21 ఏళ్ల విద్యార్థి, సరదాకు ఇటువంటిదొకటి చేస్తున్నానని, పెద్దదేమీ కాదని తోటివారికి తెలియజేశాడు. ఆ సరదా పని ఎంత పెద్దదయిందంటే, 2017 నవంబరు నుంచి ప్రపంచంలోని 500 అతివేగపు కంప్యూటర్లూ లినక్స్‌తోనే నడుస్తున్నవి. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడులలో ఎనిమిదో తరగతి పిల్లలకు ఇచ్చిన ట్యాబులలో కూడా అడుగున ఉన్నది అదే. లక్షల ట్యాబులు, లక్షల ఇళ్లు. ఒక్కొక్క ఇంటికీ ఒక మేస్త్రీని పంపి బాగుచేయించటం జరిగే పనేనా? అందుకని దిద్దుబాటును గాలిలో పంపుతారు.

గాలిలో వచ్చిన వస్తువు ఎవరు పంపారో తెలియటం ఎట్లా? మొదటి చిక్కు ఇదే.

పూర్వం ముఖ్యమైన ఉత్తరాలమీద లక్క వేసి ముద్ర కొట్టేవారు. ముద్ర చెడకుండా ఉంటే ఉత్తరం అసలైనదన్నమాట. అప్‌డేట్‌కు కూడా అటువంటి ముద్ర ఉన్నది. అయితే అది లెక్కతో చేసిన ముద్ర. పంపేవారు ముందు ఆ అప్‌డేట్ అంతటినీ ఒక లెక్కలో వేసి, 64 అక్షరాల పొట్టి గుర్తు ఒకటి రాబడతారు. పెద్ద గ్రంథంలో ఎక్కడో ఒక చుక్క మారినా ఆ గుర్తు గుర్తుపట్టలేనట్టుగా మారిపోతుంది. తరువాత ఆ గుర్తును తమ దగ్గర మాత్రమే ఉండే ఒక రహస్యపు తాళపుచెవితో బంధిస్తారు. దానికి జోడీ అయిన రెండో తాళపుచెవి, ఫోను అంగడికి రాకముందే దాని లోపల పెట్టి ఉంటుంది. ఈ రెండోదానితో ముద్ర సరిచూడవచ్చును గాని, కొత్త ముద్ర వెయ్యటానికి అది పనికిరాదు. కనుక దారిలో ఎవడైనా అప్‌డేట్‌ను మార్చితే, ఫోను ముద్ర సరిచూసుకొని దాన్ని అవతల పారేస్తుంది.

రేషను అంగడిలో అవ్వ వేలిముద్ర వేస్తే యంత్రం సరిచూసుకొని బియ్యం ఇవ్వమంటుంది కదా! ఇక్కడ వేలిముద్ర వెయ్యవలసింది కంపెనీవారు. సరిచూసేది అవ్వ చేతిలోని ఫోను.

ముద్ర ఉంటే చాలునా? చాలదు. పంపినవాడు ఎవరో ముద్ర చెబుతుంది. పంపిన వస్తువు మంచిదా కాదా అది చెప్పలేదు. మంచివాడు పంపిన దానిలో కూడా పొరపాటు ఉండవచ్చును. అందుకని అందరికీ ఒక్కసారే వడ్డించరు. ముందు వంటింట్లో ఉన్నవాళ్లు ఉప్పు చూస్తారు.

లినక్స్ లోకంలో డెబియన్ అని ఒక పెద్ద సంఘం ఉన్నది. 1993లో అమెరికాలో మొదలయింది. ఎన్నో దేశాలవాళ్లు జీతం లేకుండా అందులో పనిచేస్తున్నారు. వారికి మూడు మెట్లున్నవి. కొత్తగా వచ్చిన ప్రతి మార్పూ ముందు మొదటి మెట్టుమీద పడుతుంది. ఆ మెట్టుకు వారు పెట్టిన పేరు 'సిడ్'. 'టాయ్ స్టోరీ' సినిమా చూసినవాళ్లకు సిడ్ ఎవరో తెలుసు. బొమ్మలు విరగగొట్టే పక్కింటి తుంటరి పిల్లవాడు! ఇక్కడ వస్తువులు విరుగుతవి సుమా అని చెప్పటానికే ఆ పేరు పెట్టారు. అక్కడ కొన్నాళ్లు పెద్ద లోపమేదీ బయటపడకుండా నిలిస్తే రెండో మెట్టు, పరీక్షా మెట్టు. అక్కడ కూడా నెగ్గి, రెండేళ్లకో ఎప్పటికో అన్నీ కుదిరిన తరువాత మూడో మెట్టు. ఆసుపత్రులు, ఆఫీసులు వాడుకునేది ఈ మూడో మెట్టు సరుకు.

ఈ మెట్లు ఎంత పని చేస్తవో 2024 మార్చిలో తెలిసివచ్చింది. దస్త్రాలను చిన్నవిగా నొక్కిపెట్టే 'ఎక్స్‌-జెడ్' అనే చిన్న ప్రోగ్రాము లినక్స్ యంత్రాలన్నింటిలో దాదాపుగా ఉంటుంది. మారుపేరు పెట్టుకున్న ఒక మనిషి రెండేళ్లపాటు దానికి బుద్ధిమంతుడి వలె సాయం చేసి, అందరి నమ్మకం సంపాదించి, చివరకు అందులో దొంగదారి ఒకటి పెట్టాడు. ముద్ర అసలైనదే. ముద్ర వేసే అధికారం ఉన్నవాడే దొంగ అయితే ముద్ర ఏం చేస్తుంది? ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు తన యంత్రంలోకి ప్రవేశించటానికి మామూలుకంటె అర సెకను ఎక్కువ పడుతున్నదని గమనించాడు. అర సెకను! మనమైతే ఆవలించి ఊరుకుంటాము. ఆయన ఊరుకోక, ఎందుకని తవ్వుకుంటూ పోయి, మార్చి 29న దొంగదారిని బయటపెట్టాడు. అప్పటికి ఆ సరుకు డెబియన్‌లో మొదటి రెండు మెట్లదాకా వచ్చింది. మూడో మెట్టుకు చేరలేదు.

మెట్లు లేకుండా ఒక్కసారి అందరికీ వడ్డిస్తే ఏమవుతుందో చూడాలంటే, అదే సంవత్సరం జులై 19వ తేదీని తలుచుకోవాలి. ఇది లినక్స్ కథ కాదు, విండోస్ యంత్రాల కథ. నీతి మాత్రం అందరికీ ఒకటే కనుక చెబుతున్నాను. క్రౌడ్‌స్ట్రయిక్ అనే కంపెనీ కంప్యూటర్లకు కాపలా కాసే ప్రోగ్రాము అమ్ముతుంది. ఆ రోజు మన గడియారం ప్రకారం ఉదయం 9 గంటల 39 నిముషాలకు దానికి ఒక దిద్దుబాటు పంపింది. అందులో ఒక పట్టీకి 21 గళ్లు ఉండవలెనని రాసి ఉన్నది, దాన్ని చదివే ప్రోగ్రాముకు ఇచ్చినవి 20. లేని 21వ గడికోసం వెతకబోయి యంత్రం కుప్పకూలింది. ఒకటీ రెండూ కాదు, సుమారు 85 లక్షల యంత్రాలు. మన హైదరాబాదు విమానాశ్రయంలో ప్రయాణికులకు బోర్డింగు పాసులు కలంతో రాసి ఇచ్చారు!

కంపెనీవారు 78 నిముషాలలో తప్పు తెలుసుకొని ఆ దిద్దుబాటును వెనక్కు తీసుకున్నారు. అయినా ఏం లాభం? పడిపోయిన యంత్రం లేస్తే గదా కొత్త దిద్దుబాటు అందుకునేది! ఒక్కొక్క యంత్రం ముందూ ఒక మనిషి కూర్చుని చేత్తో బాగుచెయ్యవలసి వచ్చింది. ముందుగా వెయ్యి యంత్రాలకు పంపి, ఒక గంట ఆగి చూసి ఉంటే, కూలేవి ఆ వెయ్యే. ఇక మీదట విడతలు విడతలుగానే పంపుతామని తరువాత ఆ కంపెనీవారే ప్రకటించారు. ఇల్లు కాలిన తరువాత తవ్విన బావి అనుకోండి, తవ్వటం మాత్రం మంచిదే.

హొళగుంద తండ్రిగారి భయం సరిగ్గా ఇక్కడే ఉన్నది. దిద్దటానికి వచ్చినది యంత్రాన్ని పడగొడితే లేపేదెవరు? దీనికి ఇంజనీర్లు కనిపెట్టిన ఉపాయం నాకు అన్నింటికంటె నచ్చినది. దానికి ముందు మీ ప్రాంతపు సంగతే ఒకటి చెప్పాలి.

తుంగభద్ర దిగువ కాలువ మీ హొళగుంద ప్రాంతం మీదుగానే ఆదోని, ఎమ్మిగనూరు వైపు వస్తుంది కదా! 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర ఆనకట్ట 33 గేట్లలో 19వ గేటు గొలుసు తెగి, గేటు నీళ్లలో కొట్టుకుపోయింది. నిండిన జలాశయం. ఆ గేటు ముందు దించటానికి సిద్ధంగా ఉంచిన మరొక గేటు లేదు. పంటకని దాచిన నీరు నదిపాలవుతుంటే మీ ఇళ్లలో పెద్దవాళ్లు ఎంత తల్లడిల్లారో మీకు గుర్తుండే ఉంటుంది. గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడుగారి ఆధ్వర్యంలో ఇనుప పలకలు చేయించి, నీరు పారుతూ ఉండగానే ఒకదానిమీద ఒకటి దించి, ఆగస్టు 17 నాటికి ఆ దారి మూశారు. సాహసమే. కాని రెండో గేటు ముందే అక్కడ ఉంటే ఆ సాహసం అవసరం ఉండేది కాదు.

2016లో ఆండ్రాయిడ్ ఏడవ కూర్పుతో ఫోన్లకు ఈ రెండో గేటు వచ్చింది. ఇప్పటి ఫోన్లలో చాలావాటికి ఏదో ఒక రూపంలో అది ఉన్నది. ఆపరేటింగ్ సిస్టమ్‌కు ఫోనులో ఒక గది కాదు, రెండు గదులు కేటాయిస్తారు. ఒకటి 'ఎ' గది, రెండోది 'బి' గది అనుకోండి. ఇవాళ ఫోను 'ఎ' గదిలోని గ్రంథంతో నడుస్తున్నది. అప్‌డేట్ వచ్చినప్పుడు దాన్ని ముట్టుకోరు. కొత్త గ్రంథాన్ని 'బి' గదిలో మెల్లగా రాసుకుంటూ పోతారు. మీరు పాట వింటూనే ఉంటారు, అమ్మ మాట్లాడుతూనే ఉంటుంది. రాస్తుండగా సిగ్నలు పోయినా, ఫోను ఆగిపోయినా నష్టం లేదు, 'ఎ' గది చెక్కు చెదరలేదు గదా! రాయటం పూర్తయి, ముద్ర సరిచూసుకున్న తరువాత 'ఒకసారి ఆపి మళ్లీ వెలిగించండి' అని ఫోను అడుగుతుంది. పెళ్లింట్లో పెద్దమనిషిని మార్చాలంటే విస్తళ్లముందు జనం కూర్చుని ఉండగా మార్చరు, ఒక బంతి లేచి మరొక బంతి కూర్చునే లోపల మారుస్తారు. ఇదీ అంతే.

మళ్లీ వెలిగేటప్పుడు ఫోను గుమ్మంలో కూర్చున్న ద్వారపాలకుడివంటి చిన్న ప్రోగ్రాము 'బి' గది తలుపు తీస్తుంది. కొత్త గ్రంథం సరిగా నడిస్తే, 'బాగున్నది' అని గుర్తు పెట్టుకుంటుంది. నడవకపోతే మళ్లీ ప్రయత్నిస్తుంది. కొన్నిసార్లు చూసి, ఇక లాభం లేదనుకుంటే, ఎవరినీ అడగకుండా పాత 'ఎ' గది తలుపు తీస్తుంది. ఫోను నిన్నటి వలెనే లేస్తుంది. మీకు జరిగినదేమిటో తెలియను కూడా తెలియదు. ఆదోని బస్సు ఎక్కే పని లేదు.

మీ బొమ్మలు, ఫోను నంబర్లు ఏమవుతవి అంటారా? అవి ఈ రెండు గదులలోనూ ఉండవు, వేరే గదిలో ఉంటవి. ఎమ్మిగనూరు మగ్గాల దగ్గర కొత్త పడుగు పోగులను పాత పడుగు కొసలకు ఒక్కొక్కటే అతకటం చూసి ఉంటారు. మగ్గాన్ని విప్పి మళ్లీ కట్టరు. అట్లాగే కొత్త గ్రంథం కూడా మీ పాత సామానుకు వచ్చి అతుక్కుంటుంది. ఇక పంపేటప్పుడు, వీలైనంతవరకు గ్రంథమంతా పంపరు, మారిన చోట్లు మాత్రమే పంపుతారు. డేటా పొదుపు.

ఆదోని దూరమని మనం అనుకుంటున్నాము. అంగారక గ్రహం సంగతి ఏమిటి?

2021లో అమెరికావారు అంగారకుడిమీద 'ఇంజెన్యువిటీ' అనే చిన్న హెలికాప్టరును దింపారు. దాని బరువు 1.8 కిలోలు. దాని లోపల ఉన్నది ఒక ఫోను ప్రాసెసరు, నడిపేది లినక్స్. దాని రూపకల్పనలో ముఖ్య ఇంజనీరు జె. బాబ్ బలరామ్‌గారు మన రాయలసీమలో, మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ బడిలో చదువుకున్నారు. ఏప్రిల్ 9న రెక్కలు వేగంగా తిప్పి చూసే పరీక్షలో దానిలోని కాపలా గడియారం, అనుకున్న వేళకు అనుకున్న పని జరగలేదని పరీక్షను ఆపివేసింది. ప్రోగ్రాము దిద్దాలి. భూమినుంచి మాట అక్కడికి చేరటానికి ఆ రోజులలో సుమారు 16 నిముషాలు పట్టేది. చెడితే వెళ్లి లేపటానికి అక్కడ మనిషి లేడు.

వారి ముందుకు వచ్చిన ప్రశ్న హొళగుంద ప్రశ్నే: నొక్కాలా, వద్దా? దాదాపు రెండేళ్లుగా చెక్కు చెదరకుండా పనిచేస్తున్న ప్రోగ్రామును తీసి, దిద్దినదాన్ని పెట్టాలా? ఆ కొత్తదాన్ని వారు తయారు చేసి, పరీక్షించి, పైకి పంపించారు. కాని పక్కన సిద్ధంగా ఉంచుకొని, ముందు చిన్న ఉపాయంతో సరిపెట్టుకున్నారు. పాత ప్రోగ్రాము అట్లాగే ఉంటుంది, దానికి పంపే ఆజ్ఞలలో మాత్రం ఒకటి రెండు కలిపారు. ఇది 100కు 85 సార్లు పనిచేస్తుందని లెక్క కట్టారు. ఏప్రిల్ 19న హెలికాప్టరు 3 మీటర్ల ఎత్తు లేచి, 39 సెకన్లు గాలిలో ఉండి దిగింది. ఏప్రిల్ 29న, లెక్కలో మిగిలిన ఆ 15లో ఒకటి వచ్చి పడింది, హెలికాప్టరు లేవలేదు. ఎవరూ కంగారు పడలేదు. మర్నాడు మళ్లీ చెప్పారు, లేచింది.

తరువాత 2022లో పెద్ద అప్‌డేటే పంపారు. దిగేచోట రాళ్లు రప్పలు చూసుకొని దిగటం, నేల ఎత్తుపల్లాల పటం వాడుకోవటం అందులో ఉన్నవి. అది పెట్టిన వెంటనే దూరప్రయాణానికి పంపలేదు. నవంబరు 22న 18 సెకన్లు మాత్రం లేపి దింపి చూశారు. కొత్త ఎద్దును కొన్నవాడు మొదటి రోజే నిండు బండి కట్టడు గదా! అయిదు సార్లు ఎగిరితే చాలుననుకున్న ఆ హెలికాప్టరు 2024 జనవరి 18 దాకా 72 సార్లు ఎగిరింది.

ఇప్పుడు నాయనగారికి మా జవాబు. అయ్యా, మీ జాగ్రత్త తప్పు కాదు, అంగారకుడిమీద పనిచేసేవాళ్లకు కూడా అదే జాగ్రత్త ఉన్నది. అయితే అప్‌డేట్‌ను ఏళ్ల తరబడి వద్దనటం మంచిది కాదు. ఒక తప్పు బయటపడి దిద్దుబాటు వచ్చిందంటే, ఆ కిటికీ ఎక్కడున్నదో దొంగలకు కూడా తెలిసిపోయిందన్నమాట. బ్యాంకు డబ్బున్న ఫోనుకు అది ముప్పు. వచ్చిన రోజే నొక్కకపోయినా ఫరవాలేదు, వారం పదిరోజులు ఆగండి. ఈ లోపల లోపమేదైనా ఉంటే ముందు విడతలవాళ్ల దగ్గర బయటపడుతుంది. తరువాత బ్యాటరీ నిండుగా ఉంచి, ఫోనులో కాస్త ఖాళీ చోటు చూసుకొని, అమ్మకు ఫోనుతో పనిలేని రాత్రివేళ నొక్కండి. పక్కింటి ఫోను ఎందుకు చెడిందో చూడకుండా చెప్పలేము. రెండు గదులు లేని పాత ఫోను కావచ్చు, మధ్యలో చార్జింగు అయిపోయి ఉండవచ్చు, ఎట్లాగూ పోవలసిన బ్యాటరీ ఆ రోజే పోయి ఉండవచ్చు. అప్‌డేట్‌లో లోపమే ఉండవచ్చు కూడా, అది ఎన్నడూ జరగదని మేము అనము.

మరొక మాట, ఇది ఇంటిల్లిపాదికీ. నిజమైన సిస్టమ్ అప్‌డేట్ ఫోను 'సెట్టింగ్స్' లోపలనుంచే వస్తుంది. వాట్సాప్‌లోనో, మెసేజిలోనో 'మీ ఫోను అప్‌డేట్ చేసుకోండి' అని ఎవరైనా ఒక లింకు గాని, దస్త్రం గాని పంపితే దాన్ని ముట్టుకోకండి. దానిమీద లక్కముద్ర లేదు.

ఇక పిల్లలకు ఒక పని. పెద్దవాళ్లను అడిగి, ఫోను 'సెట్టింగ్స్' తెరిచి, 'ఫోను గురించి' అనే చోటో, సెక్యూరిటీ అనే చోటో వెతకండి. 'సెక్యూరిటీ అప్‌డేట్' అని ఒక తేదీ ఉంటుంది. కిటికీలు ఆఖరుసారి ఎప్పటివరకు మూశారో చెప్పే తేదీ అది. దాన్ని నోటు పుస్తకంలో రాసుకొని, రెండు నెలల తరువాత మళ్లీ చూడండి. కొన్ని ఫోన్లలో ముందుకు జరిగి ఉంటుంది. కొన్నిటిలో ఏళ్లనాటి తేదీయే ఉండిపోతుంది. ఆ ఫోను చేసినవారు దానికి పట్టికలు పంపటం మానుకున్నారన్నమాట. 2023లో వచ్చిన పిక్సెల్ 8 ఫోనుకు 7 ఏళ్లపాటు పంపుతామని గూగుల్‌వారు మాట ఇచ్చారు. చవక ఫోన్లకు అంత కాలం ఇచ్చేవారు అరుదు. కొత్త ఫోను కొనేటప్పుడు రంగు, కెమెరా అడిగినట్టే ఈ సంగతి కూడా అంగడివాణ్ణి అడగమని నాయనతో చెప్పండి. మీ ఇంటి ఫోను ఏ సంవత్సరం కొన్నది, దానిలో ఏ తేదీ ఉన్నదీ ఒక కార్డు ముక్కమీద మాకు రాసి పంపండి. వచ్చినవాటిని లెక్కవేసి ఈ పేజీలోనే చూపిస్తాము.